కనబడకముందే పెట్టిన పేరు

తిరుపతి సన్నిధి వీధి కాపురస్తుడు, దేవస్థానం ఆఫీసు గుమాస్తా సారంగపాణి గారి కొడుకు శఠగోపం అనే నేను, మదరాసులో భౌతికశాస్త్రం చదివి పాసైనవాడిని, బుద్ధి నిలకడగా, ఊపిరి మాత్రం నిలకడ తప్పి ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా రాసుకున్న వీలునామా ఇది. రేపు పొద్దున మదనపల్లె బస్సెక్కి, పక్కటెముకలు కోయించుకోవడానికి క్షయ ఆస్పత్రికి పోతున్నాను. తిరిగి వస్తే ఈ కాగితాన్ని పొయ్యిలో వేయవలెను.

1. నా సైకిలు స్నేహితుడు మునిరత్నానికి. మా ఇద్దరి ఎముకలూ విరగ్గొట్టి పుత్తూరు కట్టుకు పంపించిన సైకిలు ఇదే. బ్రేకును నమ్మరాదు.

2. ఆఫీసులో నాకోసం నాయన అట్టిపెట్టించిన కుర్చీని ఆయనకే వాపసు ఇస్తున్నాను. అందులో కూర్చోనందుకు రెండేళ్లుగా నాతో మాట్లాడలేదు. ఇకనైనా మాట్లాడవచ్చును.

3. నా పుస్తకాలు పురిటికి వచ్చి ఉన్న చెల్లెలు కుముదవల్లికి. న్యూట్రినో గురించిన పుట తప్పక చదవవలెను. కొన్ని పరమాణువుల్లోంచి ఎలక్ట్రాను బయటపడేటప్పుడు కొంత శక్తి మాయమవుతోంది. ఎత్తుకుపోయేదాన్ని ఇంతవరకూ ఎవరూ చూడలేదు. పేరు మాత్రం పెట్టేశారు.

పోయిన ఏడు అన్నం తింటూనే నేను చిక్కిపోయినాను. ఛాతీ ఫోటోలో ఏమీ కనబడలేదు. నా కండ తింటున్నదానికి న్యూట్రినో అని నామకరణం చేసి, వీధంతా నవ్వించాను. అవ్వ పంకజవల్లి ఒక్కతే నవ్వలేదు. "కనబడనిదానికి పేరు పెట్టబాకురా. పిలిస్తే వచ్చి కూసుంటాది" అనింది. రెండో ఫోటోలో అది కూర్చునే ఉంది.

4. మా ఇంట్లో పోయినవాళ్ల పేరే బిడ్డకు పెడతారు, ఉన్నవాళ్లది పెట్టరు. మొన్న అవ్వ కుముదవల్లి కడుపు మీద చెయ్యి వేసి, "శఠగోపా, కదలరా" అనింది. పక్క గదిలోంచి నేను "ఏందవ్వా?" అన్నాను. ఆనాటి నుంచి అవ్వ నన్ను "రేయ్" అనే పిలుస్తోంది.

కనుక నా పేరును ఎవరికీ రాసివ్వడం లేదు. బిడ్డను ముందు కనబడనివ్వండి, తర్వాత పిలవండి.

5. అవ్వకు నా పట్టు ఉత్తరీయం. బదులుగా రేపు నేను గడప దాటేలోగా నన్ను పేరు పెట్టి పిలవవలెను. మరిచిపోతే వెనకనుంచి పిలిచినా సరే, అపశకునం నేను భరిస్తాను.

1946 జూన్ 9, తిరుపతి.

(సంతకం) శఠగోపం, ప్రస్తుతానికి.

సాక్షులు:
మునిరత్నం. బ్రేకు సంగతి నిజమే.
పంకజవల్లి. అవ్వకు నేనే చదివి వినిపించాను. వేలిముద్ర వేసింది. ఇంకా పిలవలేదు.