వెనక జేబులో పద్నాలుగు కార్డులు

అక్కా, నేను బాగానే ఉన్నాను, కంగారుపడకు.

నడుము చూపించుకోమన్న నీ పోరు పడలేక నిన్న వెన్నుపూసలు సరిచేసే డాక్టరు దగ్గరికి వెళ్లాను. బోర్లా పడుకోబెట్టి, మడమలు రెండూ కలిపి చూసి, "ఎడమ కాలు పొట్టిగా కనిపిస్తోంది. దేనిమీద కూర్చుంటావయ్యా?" అన్నాడు. బస్సు సీటు మీద అన్నాను. "మరి ప్యాంటు వెనక జేబులో ఏముంది?" అన్నాడు. ఏముంటాయి, నువ్వు రాసిన పద్నాలుగు కార్డులు, మడతపెట్టి రబ్బరు బ్యాండు వేసినవి! "రోజంతా ఈ కట్టమీద కూర్చుని బస్సు నడిపితే తుంటి ఒక పక్కకి లేవదూ? వెన్ను వంకరపోదూ? ఇక కాలు లాగక, మెడ పట్టక ఏం చేస్తాయి?" అని కేకలేశాడు. పైగా ఒక కార్డు విప్పి పైకి చదివాడు: "తమ్ముడూ, నిటారుగా కూర్చో." నర్సు కూడా నవ్వింది. నాకు తల కొట్టేసినంత పనైంది. వారం రోజులు బస్సు ఎక్కొద్దన్నాడు. కార్డులు చొక్కా జేబులోకి మార్చాను.

నా నీలం స్వెటరు పంపు. పెరటి తలుపు గడియ బాగుచేయించారా? మూడుసార్లు అడిగాను, ఉలుకూ పలుకూ లేదు. అది సరే, నడుము పట్టేసి నెల రోజులుగా నువ్వు గోడ పట్టుకుని నడుస్తున్నావని మేనకోడలు రాసింది. పద్నాలుగు కార్డులూ మళ్లీ మొదటినుంచి చదివాను. అన్నిట్లోనూ నా నడుమే! నీ నడుము గురించి ఒక్క ముక్క రాయడానికి చోటు లేకపోయిందా?

బావగారికి నమస్కారాలు, మేనకోడలికి దీవెనలు. నీకు పెట్టాల్సిన నమస్కారం మాత్రం నువ్వు డాక్టరుకి చూపించుకున్నాకే.

నీ తమ్ముడు