గాలి ఎటు నుంచి

17 ఏప్రిల్ 1999, శనివారం

పంచాయతీ బస్సులో ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టును పక్క పట్నం ఐజ్‌పుతె తీసుకెళ్ళాను. మూడు ఊళ్ళ పిల్లల్ని కలిపితే గాని జట్టు అవలేదు. సగం మంది కాళ్ళకు అన్నల బూట్లే.

గ్రౌండ్ దగ్గర తల్లులు, తండ్రులు. లోపలికి రా విలిస్, వేడి టీ ఉంది అన్నారు. ఇంజిన్ ఆపితే మళ్ళీ స్టార్ట్ కాదు అన్నాను. అది నిజమే. జనం మధ్య నిలబడటం నాకు చేతకాదు, అదీ నిజమే. బస్సులోంచి ఆట కనపడదు. చెక్క కంచె, దాని మీద ఒక జెండా, అంతే. అరుపులు వినపడతాయి.

తిరిగి వచ్చేటప్పుడు ఒక పిల్ల ముందు సీటులో కూర్చుంది. వెనక కూర్చుంటే కడుపులో తిప్పుతుందట. పేరు సొల్వీత. పన్నెండేళ్ళు. గోల్‌కీపర్. చేతులకు ఊలు గ్లవ్స్, మా ఊళ్ళో కొట్టు నడిపే అవుస్మా అల్లినవి. ఊలు తడిస్తే బంతి జారదట. అడక్కుండానే మ్యాచ్ అంతా చెప్పింది. మొదటి గోల్ ఎలా పడింది, రెండోది ఎలా పడింది, మూడోది ఎవరి పుణ్యం. నేనూ ఏదో ఒకటి అనాలి కదా. గాలి ఎటు నుంచి వీచింది అని అడిగాను.

నా మొహం మీదికే మామా, అందుకే కదా రెండోది! అంది.

ఈ చలికాలమంతా కలిపి నాతో ఎవరూ అంతసేపు మాట్లాడలేదు.

25 సెప్టెంబరు 1999

డ్రైవరుకు బంతంటే భయం, తగిలితే పగిలిపోతాడు అని ఒక పిల్ల తండ్రి అన్నాడు. అందరూ నవ్వారు. సొల్వీత బస్సు మెట్ల మీద నుంచే అరిచింది. మా మామ జోలికి రాకండి, ఆయనే చూసేస్తే దారిలో నేనేం చెప్పాలి, మీ మొహాలు చూసుకుంటూ కూర్చోవాలా?

ఆ తర్వాత నన్ను ఎవరూ లోపలికి పిలవలేదు. నాకు హాయిగా ఉంది.

4 నవంబరు 2000

ఏడు గోల్స్ తిన్నారు. ఏడూ చెప్పింది. అయిదో గోల్ దగ్గర ఉండగానే ఊరి దీపాలు కనిపించాయి. చుట్టుదారని తెలిసే మిల్లు వైపు తిప్పాను. వెనక సీట్లలో వాళ్ళు దారి తప్పావా విలిస్ అన్నారు. అవునన్నాను.

12 జూన్ 2003

బస్సు కింద పడుకుని ఉన్నాను. పక్కన రెండు కాళ్ళు వచ్చి నిలబడ్డాయి. బయటికి రా మామా అంది. వచ్చాను. చేతిలో ముదురు ఎరుపు చొక్కా, వీపు మీద పన్నెండు నంబరు. లాత్వియా జూనియర్ జట్టుది. ముట్టుకో, కరవదు అంది. చేతులు రెండుసార్లు తుడుచుకున్నాను. అయినా గ్రీజు ఉంది. ముట్టుకోలేదు.

9 మే 2005

సొల్వీత ఫోన్ చేస్తుందని మొబైల్ కొన్నాను. ఆమెకు ఆ మాట చెప్పలేదు, బస్సు పనికి అన్నాను. సాయంత్రం మోగింది. ఎక్కడో దీవిలో మ్యాచ్, దేశం పెద్ద జట్టులో మొదటిసారి ఆడింది. నాలుగు గోల్స్ తిన్నాను మామా, అయిదోది చూడాల్సింది, ఎగిరి బయటికి తోశాను అంది. ఆ తోసిన ఒక్కదాన్నే చాలాసేపు చెప్పింది. గాలి ఎటు నుంచి అని అడిగాను. ఇక్కడ గాలికి దిక్కూ మొక్కూ లేదు, టోపీ పెట్టుకుంటే ఎగిరి పక్క దేశంలో పడుతుంది అంది.

ఫోన్ పెట్టేశాక కూడా చెవి దగ్గరే ఉంచుకున్నాను.

20 అక్టోబరు 2009

సొల్వీతకు తెల్లవారుజామున కుల్దీగ పట్నంలో బేకరీ పని, మధ్యాహ్నం నుంచి ప్రాక్టీసు. ఈ ఆటకు జీతం ఉండదు. దేశానికి ఆడినా మర్నాడు రొట్టె పిండి పిసకాలి. కొట్టులో అవుస్మా ఆమెను పట్టుకుంది. ఎన్నాళ్ళు పరిగెడతావే బంతి వెనకాల, అంది. వెనకాల కాదు పిన్నీ, నేను ఎదురుగా నిలబడతాను అంది సొల్వీత. అవుస్మాకు కోపం రాలేదు. ఒక చీజ్ ముక్క చేతిలో పెట్టి పంపింది.

30 నవంబరు 2012

నన్ను పింఛనుకు, బస్సును తుక్కుకు పంపారు. ముందు సీటు విప్పి ఇవ్వమని అడుగుదామనుకున్నాను. అడగలేదు.

28 మే 2014

నా పేరు రోజు, క్యాలెండర్లో విలిస్ అని రాసి ఉండే రోజు. పేరు రోజుకు ఎవరినీ పిలవరు, గుర్తున్నవాళ్ళు వస్తారు. తీపి రొట్టె, కాఫీ బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. అవుస్మా వచ్చింది. అరగంట కూర్చుని, కొట్టుకు సరుకు బండి వచ్చే టైమైంది అని లేచింది. మిగతా కుర్చీలు మళ్ళీ గోడకు జరిపాను.

సాయంత్రం ఐస్‌లాండ్ నుంచి సొల్వీత ఫోన్. అక్కడి క్లబ్బు ఆమెను తీసుకుని ఏడాదైంది. శుభాకాంక్షలు చెప్పి ఆదివారం మ్యాచ్ మొదలుపెట్టింది. సగంలో వెనక ఎవరో పిలిచారు. మిగతాది తర్వాత చెప్తాను మామా అంది.

19 జూలై 2014

మిగతా సగం ఇంకా చెప్పలేదు.

3 ఫిబ్రవరి 2015

మంచు. రేడియోలో మగవాళ్ళ స్కోర్లే చెబుతారు.

14 సెప్టెంబరు 2022

సొల్వీత ఫోన్ చేసింది. ఐస్‌లాండ్ నుంచి వచ్చేశాక ఇన్నేళ్ళూ రీగాలోనే ఉంది. పండగలకు ఊరొస్తుంది, ఫోన్ ఎప్పుడో ఒకప్పుడు. మోకాలు ఇక ఊరుకోవడం లేదట. కొత్త కీపర్ వచ్చింది మామా, పందొమ్మిదేళ్ళు, చెయ్యి ఎత్తితే గోల్ పై కర్ర తగులుతుంది, దాని పక్కన నేను తోటలో దిష్టిబొమ్మలా ఉంటాను అంది. వచ్చే నెల లియెపాయలో లిథువేనియాతో మ్యాచ్, అదే ఆఖరు. ఎలాగైనా చివరి పది నిమిషాలు దింపుతానని కోచ్ అన్నాడట.

నువ్వు కారు తీసుకురా మామా, బయటే ఉండు, ఆఖరిది కూడా దారిలోనే చెప్పాలి కదా అంది.

కాసేపు తోటలో నిలబడ్డాను. ఆపిల్స్ రాలి ఉన్నాయి. ఏరాలనిపించలేదు.

1 అక్టోబరు 2022

అవుస్మా తలుపు కొట్టకుండానే వచ్చింది. బల్ల మీద టికెట్ పెట్టింది. మనవరాలి చేత ఫోన్‌లో కొనిపించిందట.

అన్నేళ్ళు ఆ పిల్లను గ్రౌండ్ గేటు దాకా మోశావు, ఒక్కసారైనా గోల్‌లో నిలబడితే చూశావా? ఈసారి చూడకపోతే ఇంక చచ్చినా చూడలేవు అంది. ఆమె చెబుతుంది కదా అన్నాను. చెప్పడం చూడటం ఒకటేనా, సూప్ ఎలా ఉందో చెబితే కడుపు నిండుతుందా ముసలాడా, అంది.

నాకూ చూడాలని ఉంది. చూస్తే ఆమె నాకేం చెబుతుంది? చూశానని తెలిస్తే ఇక ఎందుకు చెబుతుంది?

8 అక్టోబరు, ఉదయం 6

కారు కడిగాను. ముందు సీటు బ్రష్‌తో తుడిచాను. రై రొట్టె, పొగ పట్టించిన చేప కాగితంలో చుట్టాను. టికెట్ కోటు లోపలి జేబులో. లోపలికి వెళ్ళాలో వద్దో ఇంకా తేల్చుకోలేదు.

8 అక్టోబరు, రాత్రి

వెళ్ళాను.

పై వరసలో చివరి కుర్చీ. పక్కన ఎవరూ లేరు. గ్రౌండ్ అంత వెడల్పని నాకు తెలియదు. ఆమె చెబుతుంటే అంతా ఆమె చేతులకు అందేంత దూరంలోనే జరిగేది.

సొల్వీత బెంచీ మీద ఉంది. పొడుగు కోటు, చేతులకు గ్లవ్స్. గోల్‌లో ఆ కొత్త పిల్ల. లియెపాయలో గాలి లేని రోజును నేను ఎరగను. ఇవాళ లేదు. జెండాలు తడి గుడ్డల్లా వేలాడుతున్నాయి.

సగం ఆట అయ్యేసరికి ఒకటి ఒకటి. డెబ్భయ్యో నిమిషంలో ఆమె లేచింది. కోటు తీసింది. గోల్ వెనక అటూ ఇటూ పరిగెత్తింది. నేనూ లేచి నిలబడ్డాను, ఎందుకో తెలియదు. లిథువేనియా వాళ్ళు మీద పడిపోతున్నారు. కోచ్ గడియారం చూసుకున్నాడు. వెనక్కి మాత్రం చూడలేదు. అలాంటి ఆటలో కీపర్ని ఎవరు మారుస్తారు? ఆ మాత్రం నాకూ తెలుసు. ఎనభై దాటింది. ఎనభై అయిదు దాటింది. ఆమె వచ్చి కూర్చుంది. ఎవరో కోటు భుజాల మీద వేశారు. గ్లవ్స్ తీయలేదు.

ఆఖరి విజిల్ వినకముందే కారుకు వచ్చేశాను. అద్దం దించి, బయటినుంచి విన్నాను, ఎప్పటిలాగే.

గంట తర్వాత వచ్చింది. జుట్టు తడిగా ఉంది, చేతిలో పూలు. సంచి వెనక పడేసి ముందు సీటులో కూర్చుంది. రొట్టె ఇచ్చాను. గ్రోబిన్య ఊరు దాటేదాకా తింటూనే ఉంది.

తర్వాత, చెప్పనా మామా, అంది.

చెప్పు అన్నాను.

ఎనభై ఒకటో నిమిషంలో దింపారు మామా, అంది. కొత్త పిల్ల వచ్చి కౌగిలించుకుందట. జనం లేచి నిలబడ్డారట. రెండు నిమిషాలు బంతే రాలేదట. తర్వాత వాళ్ళ పదో నంబరు పిల్ల ఎడమ వైపు నుంచి ఒక్కతే వచ్చింది, నేల మీంచి కొట్టింది, నేను పడ్డాను మామా, ఈ మోకాలి మీదే పడ్డాను, ఈ రెండు వేళ్ళు తగిలాయి, కర్రకు కొట్టుకుని బయటికి పోయింది అంది. వేళ్ళు చూపించింది. నేను రోడ్డు చూశాను.

గాలి ఎటు నుంచి, అని అడిగాను.

ఒళ్ళో పూలు సర్దుకుంది. సముద్రం వైపు నుంచి మామా, నేరుగా నా మొహం మీదికి, అంది.

అయితే కష్టమే, అన్నాను.

చాలా కష్టం, అంది.

మిల్లు వైపు తిప్పాను. దారి తప్పావా అని ఆమె అడగలేదు. ఇన్నేళ్ళలో ఏ మ్యాచ్‌నూ అంత బాగా చెప్పలేదు.

10 అక్టోబరు 2022

అవుస్మా పేపరు పట్టుకొచ్చింది. ఇందులో మన పిల్ల పేరే లేదేమిటి, అసలు ఆడిందా? నిజం చెప్పు, నువ్వు లోపలికి వెళ్ళావా, కారులో కూర్చుని నా టికెట్ బుగ్గి చేశావా, అంది.

వెళ్ళాను, నా కళ్ళతో చూశాను, కూర్చో, అన్నాను. ఎనభై ఒకటో నిమిషం నుంచి మొదలుపెట్టాను. నేను అంతసేపు మాట్లాడటం ఆమె ఎప్పుడూ వినలేదు.

గాలి సముద్రం వైపు నుంచి.