అమ్మ హాజరు బిళ్ల

చంద్రపూర్

చెల్లీ కమలాక్షీ, మోకాళ్లు తప్ప నేను క్షేమం.

వరోరా అవతల, యుద్ధకాలంలో బాంబర్లు దిగిన రన్‌వే దగ్గర చరిత్ర బోర్డు పెడుతున్నారు. నిన్న సభలో ఇంజనీరు అరవింద్, "దీన్ని దొరలు కట్టిండ్రు" అని చదివాడు. నేను లేచాను.

"దొరలు తట్టలు మోసిండ్రా సారూ? మా అమ్మ లచ్చవ్వ మోసింది, నన్ను కడుపుల పెట్టుకొని."

సభంతా నవ్వింది. అతను మాత్రం, "పాత హాజరు పట్టికల కూలీల నంబర్లే ఉన్నయవ్వా, పేర్లు లేవు. అప్పుడు కూలీలకిచ్చిన నంబరు బిళ్ల చూపిస్తే బోర్డు మీద మొదటి పేరు మీ అమ్మదే రాయిస్త. నెలాఖరే గడువు" అన్నాడు.

ఆ బిళ్ల నీ మనవరాలి మొలతాడుకు ఉంది. నువ్వు తాయెత్తనుకుంటున్న ఇత్తడి ముక్క అదే. దాని మీద ఉన్నది మంత్రం కాదు, అమ్మ నంబరు. బిళ్ల పోతే కూలి దొరకదని అమ్మ దాన్ని పుస్తెలతాడుకే కట్టుకునేది.

వెంటనే రిజిస్టరు పోస్టులో పంపు. చింతపండుతో తోమకు, నంబరు అరుగుతుంది. మీ బోరు బాగైందా? పోయినసారి పంపిన తొక్కులో ఉప్పు మరిచావు.

పాపకు నల్లతాడు చాలు. ఇన్నాళ్లూ మన ఇంటి పిల్లలందరినీ కాసిన ఆ బిళ్లను ఇక అమ్మ పేరును కాయనీ.

అందరికీ దీవెనలు.

మీ అక్క
తాయారమ్మ