చిల్లున్న పళ్ళెం

చిమిండైంగ్, యాంగోన్
శనివారం

ఓడ మీద ఉన్న శ్రీవారికి పద్మిని నమస్కారాలు.

ఇక్కడ మీ అమ్మగారు, ఆశ, నేను ముగ్గురం కులాసాగా ఉన్నాం. మీరూ కులాసాయేనని మీ ఓడ నుంచి సెలవు మీద వచ్చిన త్రినాథ్ చెప్పాడు గానీ, అతను తెచ్చిన ఉత్తరంలో మీ చేతిరాత చూసేదాకా నేను నమ్మలేదు. అతను ఈ వారంలో సింగపూర్ వెళ్ళి మళ్ళీ మీ ఓడే ఎక్కుతున్నాడట. ఫోన్ ఉండగా ఉత్తరమెందుకంటారేమో. ఓడ నుంచి మీరు ఫోన్ చేస్తే సగం మాట వినిపిస్తుంది, వినిపించని సగానికి మీకు కోపం వస్తుంది. ఈసారి నేను చెప్పాల్సింది ముక్కలు ముక్కలుగా చెప్పేది కాదు. అందుకే త్రినాథ్ చేతికి ఇస్తున్నాను. భోంచేశాక, తీరిగ్గా కూర్చుని చదవండి.

ముందు మీరడిగిన వాటికి జవాబులు. అత్తయ్య మోకాళ్ళు ఎండలు ముదిరాక కాస్త నయం. మేడ దిగి బజారుకి వస్తానంటుంది, దిగాక ఎక్కలేనని అక్కడే కూర్చుంటుంది, కింది కొట్టువాళ్ళతో ఊసులాడి ఎప్పటికో పైకి వస్తుంది. వంటింటి గోడ చెమ్మ ఆరింది, సున్నం వేయించాను. కరెంటు సంగతి అడగొద్దు, వచ్చినప్పుడు వచ్చినట్టు, పోయినప్పుడు పోయినట్టు.

ఇక మీ పెద్ద ప్రశ్న. "ఆ చీనా అబ్బాయి సంగతి ఎంతదాకా వచ్చింది? నేను వచ్చేవరకూ ఎవరికీ మాట ఇవ్వకు. వాళ్ళింట మంచినీళ్ళు కూడా ముట్టకు. పిల్ల మనది కాకుండా పోతుంది" అని రాశారు. ఆ చివరి ముక్క చదివి నాకు రెండు రోజులు అన్నం సయించలేదు. కోపంతో కాదు. మీ భయం నాకూ ఉంది కనక.

అబ్బాయి పేరు వే యాన్. సోలార్ పలకలు, బ్యాటరీలు బిగించే పని. ఈ ఊళ్ళో ఆ పనికి ఖాళీ ఉండదని మీకు వేరే చెప్పాలా? మన మేడ మీద బ్యాటరీ పాడైనప్పుడు బాగుచెయ్యడానికి వచ్చాడు, ఆ తర్వాత బ్యాటరీ పాడవకపోయినా వచ్చాడు. ఆశ నాతో దాచలేదు. వాళ్ళ నాన్న ఊ సాన్ లిన్, చీనాటౌన్‌లో టీ ఆకు అమ్ముతాడు. ముత్తాతల నాడు చీనా నుంచి వచ్చారట. మన ముత్తాత విశాఖపట్నంలో ఓడెక్కి ఇక్కడి రేవులో బస్తాలు మోసినట్టే వాళ్ళ ముత్తాతా ఏదో మోసే ఉంటాడు.

వాళ్ళు మనల్ని టీకి పిలిచారు. పెళ్ళి మాట ఎత్తలేదు, వచ్చి టీ తాగి వెళ్ళమన్నారు. టీకి పిలిచిన ఇంటికి వెళ్ళి మంచినీళ్ళు కూడా ముట్టకుండా ఎలా రావాలో మీరు రాయలేదు. వెళ్ళకపోతే మర్యాద కాదు. కాబట్టి ఏదైనా మంచి కానుక పట్టుకెళ్ళి, కాసేపు కూర్చుని, కడుపులో బాగోలేదని చెప్పి వచ్చేద్దామనుకున్నాను.

ఏం తీసుకెళ్ళాలంటే ఆశ టీ పళ్ళెం అంది. వాళ్ళ నాన్న టీ కాచే వెదురు పళ్ళెం పోయిన వానల్లో అతుకుల దగ్గర విచ్చుకుపోయిందట. ఆ టీ మన టీ కాదండీ. పాలు లేవు, పంచదార లేదు. పిడికిట్లో పట్టే చిన్న కుండ, ఉగ్గుగిన్నెలంత కప్పులు. వేడినీళ్ళు కుండలో పోయడమే కాదు, కుండ మీదా పోస్తారు, కప్పుల మీదా పోస్తారు. మొదటిసారి దిగిన టీని తాగకుండా పారబోస్తారు. ఆ పారబోతంతా పట్టుకోవడానికే పళ్ళెం. పళ్ళెం సరిగ్గా లేకపోతే బల్లంతా చెరువు.

ముందు పబేడాన్ కొట్ల వైపు వెళ్ళాం, అత్తయ్య కూడా బయల్దేరింది. లక్క పళ్ళేలు చూశాం. ఎర్రగా, నల్లగా, బంగారు గీతలతో ఎంత బాగున్నాయో. నాకు అక్కడే కొనేయాలనిపించింది. ఆశ ఒప్పుకోలేదు. వేడినీళ్ళు రోజూ పడితే మెరుపు చచ్చిపోతుందంది. నల్లరాతి పళ్ళెం ఒకటి చూపించారు. ఎత్తబోతే నడుం పట్టేసింది, కప్పు కాస్త గట్టిగా ఆనిస్తే పెచ్చు ఊడేలా ఉంది. అత్తయ్య దాన్ని తట్టి చూసి, "ఇది సన్నికల్లే. దీని మీద టీ ఏటి కాత్తారు, పచ్చడి నూరుకోవాల గానీ" అంది. కొట్టువాడికి తెలుగు రాకపోవడం మన అదృష్టం.

చివరికి మన బజారు వెనక, నది ఒడ్డున పడవలు బాగుచేసే ఊ ఫో తా దగ్గరికే వచ్చాం. ఊరంతా తిరిగి ఇంటి పక్కకే చేరాం. అతను చేత్తో పళ్ళేలు, పెట్టెలు చేస్తాడు. పాత పడవ చెక్కతో చేసిన పళ్ళెం ఒకటి చూపించాడు. నునుపు బాగుంది గానీ, నేను ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇంకా పడవకి పూసిన కీలు వాసనే. టీకి ఆ వాసన పట్టదా అని అడిగితే నవ్వి పక్కన పెట్టేశాడు. ఇంకోటి ఎర్ర పడౌక్ కర్రతో చేసింది. నీళ్ళు పోసి చూపించమన్నాను. నీళ్ళు కుంకుమ కలిపినట్టు దిగాయి. కొన్నాళ్ళు కడిగితే పోతుందన్నాడు, మనకు అంత వ్యవధి ఎక్కడిది?

మూడోది పాత ఇంటి గడప నుంచి తీసిన టేకు పలక. మేకు లేదు, జిగురు లేదు. ఒకే పలకని ఉలితో తొలిచాడు. ఉలి గాట్లు అలలు అలలుగా అలాగే వదిలేశాడు, కప్పు జారకుండా. పళ్ళెం అంతా కంటికి కనపడనంత వాలుగా ఒక మూలకి దిగుతుంది. ఆ మూల వేలు దూరేంత చిల్లు, దాని కింద చిన్న వెదురు గొట్టం, గొట్టం కింద గిన్నె పెట్టుకోవాలి. చెంబుతో నీళ్ళు పోశాను. నీళ్ళు ఎవరో పిలిచినట్టు ఆ మూలకే వెళ్ళి దిగిపోయాయి. అరచేత్తో తడిమి చూస్తే ఎక్కడా నిలవలేదు. ఇదే అన్నాను. ఆశ మొహం చూడాలి మీరు.

అత్తయ్య మొహమూ చూడాలి. చిల్లు దగ్గర వేలు పెట్టి, "ఓలమ్మో! సిల్లున్న పళ్ళేన్ని సుబకార్యానికి ఎవులైనా పట్టుకెల్తారేటే?" అంది.

"సిల్లు కాదు మామ్మా, నీళ్ళెల్లే దారి" అంది ఆశ.

"దారుంటే ఎల్లిపోద్ది కదే. నానన్నదీ అదే. పిల్లని ఇచ్చే ఇంటికి సిల్లు పళ్ళెం ఇత్తే ఆ ఇంట ఏటైనా నిలుత్తాదా?"

"ఇవ్వడం ఇంకా లేదత్తా, ఊరికే టీకి వెళ్తున్నాం" అన్నాను.

"ఊరికే ఎల్లేవాళ్ళు ఊరంతా తిరిగి పళ్ళేలు సూత్తారేటి?"

మొత్తానికి అదే తీసుకున్నాం. వెళ్ళే రోజు పొద్దున్న అత్తయ్య ఏమీ అనకుండా తనే పళ్ళేనికి పసుపు రాసింది, నాలుగు మూలలా బొట్లు పెట్టింది. చిల్లున్న మూల మిగతా వాటికన్నా పెద్ద బొట్టు పెట్టింది. ముచ్చట పడిందనుకున్నాను. కొత్త గుడ్డలో చుట్టి తనే ఒళ్ళో పెట్టుకుని టాక్సీలో కూర్చుంది.

ఊ సాన్ లిన్ పళ్ళేన్ని రెండు చేతులా అందుకున్నాడు. వాళ్ళావిడ డా మ్యా పసుపు బొట్లు చూసి అందంగా ఉన్నాయని బర్మా భాషలో మెచ్చుకుంది, తుడవనివ్వలేదు. కొత్త పళ్ళెం మీదే టీ కాస్తానన్నాడాయన. వెదురు గొట్టం కింద గిన్నె పెట్టి, చిన్న కుండ పెట్టి, కప్పులు పేర్చి, మరిగే నీళ్ళు కుండ మీద ధారగా పోశాడు. కప్పుల మీద పోశాడు. మొదటి టీ పారబోశాడు. నీళ్ళు మూలకి వెళ్ళాయి. అక్కడే నిలిచాయి. పచ్చగా అయ్యాయి. మళ్ళీ పోశాడు. ఆయన దృష్టంతా కుండ మీదే ఉంది.

మీకు అర్థమైపోయి ఉంటుంది. మీ అమ్మగారు ఆ చిల్లులో పసుపు ముద్ద కూరి, పైన బొట్టు పెట్టింది.

ఆ మూలకి ఎదురుగా కూర్చున్నదీ ఆవిడే. నీళ్ళు అంచు దాటి ఆవిడ ఒళ్ళోకి పొర్లబోయాయి. పక్కనే ఉన్న వే యాన్ అరచెయ్యి అడ్డం పెట్టాడు. మరిగే నీళ్ళు అతని చేతి మీంచి మోచేతి దాకా పోయాయి. అత్తయ్య చీర మీద చుక్క పడలేదు. పెదవి కొరుక్కున్నాడే గానీ, ఆవిడ కుర్చీ వెనక్కి జరిగేదాకా చెయ్యి తియ్యలేదు.

అంతా అయిపోయింది, ఇక వాళ్ళు మమ్మల్ని వెళ్ళమనడమే మిగిలిందనుకున్నాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. అప్పుడు మీ అమ్మగారు లేచింది. "ఓరయ్యా, సెయ్యి కాలిపోనాదిరా" అంటూ చిల్లులోకి వేలు పోనిచ్చి పసుపు ముద్ద పెకలించింది. నీళ్ళు బుడబుడమని దిగిపోయాయి. ఆ ముద్దనే అతని చేతికి మోచేతి దాకా పూసింది. ఊదుతూ పూసింది.

ఊ సాన్ లిన్ అదేమిటని అడిగాడు. ఆశ ఏదో సర్దిచెప్పబోతే అత్తయ్య వినలేదు. తనకి వచ్చిన బర్మా భాషలో తనే చెప్పింది, మీ ఇంట్లోకి వచ్చింది కారిపోకూడదని పెట్టానని. ఆయన నవ్వాడు. "మా అమ్మ బతికుంటే ఇలాంటి పనే చేసేది" అన్నాడు. పళ్ళెం కడిగి మళ్ళీ మొదట్నుంచి కాయడం మొదలుపెట్టాడు. కర్రకి పసుపు పట్టేసింది, ఎంత కడిగినా పోలేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఇంతసేపూ కథలు చెప్పి దాటేస్తున్నానని మీకు తెలిసే ఉంటుంది.

టీ దిగాక కప్పులు అందించింది వే యాన్. ఆ పచ్చటి చేతికి రెండోది జోడించి, మోకాళ్ళ మీద కూర్చుని. ముందు అత్తయ్యకి. తర్వాత నాకు పట్టాడు. ఆశ నా చెవిలో, "అమ్మా, ఈ కప్పు ఊరికే కాదు. అబ్బాయి ఇలా ఇస్తే, పెద్దవాళ్ళు తాగితే, ఒప్పుకున్నట్టు. వాళ్ళమ్మ నాకూ ఇప్పుడే చెప్పింది. వద్దనుకుంటే బల్ల మీద పెట్టెయ్, ఎవరూ ఏమీ అనుకోరు" అంది.

ఈలోగా అత్తయ్య తాగేసి కప్పు కింద పెట్టింది. ఆ మాట ఆవిడకీ చెప్పింది ఆశ.

"తాగీసినాను కదే, ఇంకేటి సేత్తాను? సేదుగుంది గానీ దిగినాక తియ్యగుంది. ఇంకో సుక్క ఎయ్యమను" అంది.

నేను కప్పు పట్టుకుని కూర్చున్నాను. మీ మాట గుర్తుకు రాలేదని అబద్ధం చెప్పను. గుర్తొచ్చింది. మీరు రాసిన అక్షరాలు కళ్ళ ముందే ఉన్నాయి. పిల్ల మనది కాకుండా పోతుందన్న ముక్కా గుర్తొచ్చింది. వే యాన్ నా వైపు చూడట్లేదు, కప్పు వైపూ చూడట్లేదు, తల దించుకున్నాడు. చెయ్యి మండుతూ ఉండాలి. అప్పుడు నాకనిపించింది, కాలే నీళ్ళకి ముసలావిడ ముందు చెయ్యి అడ్డం పెట్టడానికి ఏ భాష కావాలి, ఏ కులం కావాలి అని. అది మా నాన్న చేసేవాడు. మీరు చేసేవారు. ఇంకెవరు చేస్తారో నేను వెతకలేను.

తాగాను. కప్పు ఖాళీ చేసి కింద పెట్టాను. ఆశ నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది, నేనూ ఏడ్చాను. ఇది పొరపాటున జరిగిందని మీకు రాయొచ్చు, తెలియక తాగేశానని చెప్పొచ్చు. మీ అమ్మగారికి ఆ వీలుంది, నాకు లేదు. నేను తెలిసే తాగాను, మీరు వద్దన్నాకే తాగాను. మీతో ఇన్నేళ్ళ కాపురంలో మీ మాట తెలిసి దాటడం ఇదే.

మేం లేవబోతుంటే ఊ సాన్ లిన్ ఒక కప్పు వేరే తీసి, కడిగి, తుడిచి పక్కన పెట్టాడు. అది పిల్ల తండ్రిదట. తల్లీ నానమ్మా తాగినా తండ్రి తాగేదాకా వాళ్ళ లెక్కలో సగమే అయినట్టు. ఎంతకాలమైనా ఆగుతామన్నాడు. మీ బదులు తాగమని నన్ను ఎవరూ అడగలేదు, అడిగినా తాగేదాన్ని కాదు. అది మీదే.

ఓడ దిగాక మీరే ఆ ఇంటికి వెళ్ళండి. ఆ పిల్లాడి చేతులు చూడండి, అతనితో మాట్లాడండి. అప్పటికీ మీకు వద్దనిపిస్తే కప్పు ముట్టకండి, నేను మీ పక్కనే కూర్చుంటాను, నిష్ఠూరం ఒక్కటీ ఆడను. కానీ ఆ మాట ఆశకి మీరే చెప్పాలి, నా చేత చెప్పించకండి. నేను తాగిన టీ నేను వెనక్కి ఇవ్వను.

ఇట్లు,
మీ మాట దాటిన,
మీ కోసం ఎదురుచూసే
మీ భార్య
పద్మిని