బొమ్మ లేని పొగాకు

జిల్లా పొగాకు నియంత్రణ అధికారి గారి సముఖమునకు,
మల్కాపురంలో పాన్ షాపు నడుపుకొనుచున్న గవర్రాజు వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: నా బావమరిది కన్నబాబును నోటి పరీక్షకు రమ్మని తమ ముద్రతో ఒక కాగితం పంపించుట గురించి.

1. సదరు కన్నబాబు నా భార్య కాంతానికి తమ్ముడు. పోర్టులో లోడింగు పని. నా షాపులోనే విడి సిగరెట్లు కొని రోజుకు నాలుగు కాల్చేవాడు. పెట్టె మీద వేసే పుండు పడిన నోటి బొమ్మ చూడలేడు. "పెట్టి ఇటు తిప్పకు బావ, అన్నం సయించదు" అనేవాడు.

2. మూడేళ్ల క్రితం తనిఖీకి వచ్చినవారు విడిగా అమ్మరాదని చెప్పగా మానివేశాను. వారిని తప్పుపట్టడం లేదు. అయితే కన్నబాబు పెట్టెలకు పెట్టెలే కొనడం మొదలుపెట్టే సరికి, జేబులో ఉన్నది చేతిని ఊరుకోనివ్వదు గనుక, నాలుగు కాస్తా పది అయినవి. బొమ్మ కనపడకుండా పెట్టెకు కాగితం చుట్టేవాడు. ఒకరోజు అతడి కూతురు ధనశ్రీ ఆ కాగితం విప్పింది. అప్పటికి నాలుగో తరగతి. "నాన్నా, నీ నోరు కూడా ఇలాగైపోతాదా?" అని అడిగి ఆ పూట అన్నం తినలేదు. మర్నాటి నుంచి అతడు సిగరెట్టు ముట్టలేదు. తమ బొమ్మ పని చేసిందని ఒప్పుకొనుచున్నాను.

3. ఇక్కడి నుంచి తప్పు నాది. నాలుగో రోజున షాపు ముందు నిలబడ్డాడు. "ఏదో ఒకటియ్యి బావ, పని సెయ్యలేకపోతన్నాను" అన్నాడు. నా దగ్గర ఆకు పొగాకు ఉంది. పాత పేపరులో పొట్లం కట్టి ఇస్తాం. దానికి పెట్టె లేదు, బొమ్మ లేదు. సున్నంతో నలిపి పెదవి కింద పెట్టుకోవడం నేనే చూపించాను. "పొగ లేదు, వాసన లేదు, పాపకి తెలీదు" అని కూడా నేనే అన్నాను. మానేశాడని ఇంట్లో అందరూ సంతోషించారు. కాంతం సింహాచలం వెళ్లి కొబ్బరికాయ కొట్టి వచ్చింది. ఆ ప్రసాదం నేనూ తిన్నాను.

4. ప్రస్తుతం అతడి నోరు రెండు వేళ్లు పట్టేంత కూడా తెరుచుకోదు. బుగ్గ లోపల తెల్లని మచ్చ, పక్కన మానని పుండు. గంజి తాగుతున్నాడు. ఆస్పత్రికి పోదామంటే, "దేనికి? సిగరెట్టు పెట్టి మీద బొమ్మేసినారు. దీని మీద ఎయ్యలేదు. జబ్బే వచ్చీదైతే గవర్నమెంటోళ్లు ఊరుకుంటారేటి?" అంటాడు. దీనికి జవాబు తమ దగ్గర ఉంటే దయచేసి అతడికి చెప్పవలెను.

5. నేను పొగాకు అమ్మడం ఆపి నెల అయినది. నా కళ్లముందే ఎదురు షాపులో కొంటున్నాడు. నా మాట, అక్క మాట వినడు గానీ స్టాంపు ఉన్న కాగితానికి భయపడతాడు. కావున ఫలానా తేదీన పరీక్షకు రావలెనని అతడి పేరిట ఒక ఉత్తర్వు ఇప్పించ ప్రార్థన. అటువంటి రూలు ఉందో లేదో నాకు తెలియదు. లేకపోయినా పంపండి. పొట్లం కట్టే పొగాకు మీద కూడా ఏదైనా బొమ్మ వేయించండి.

నన్ను ఏమి చేసినా చేయండి. ముందు ఇది చిత్తగించవలెను. ఆగడానికి రోజులు లేవు.

తమ విధేయుడు,
గవర్రాజు

తా.క.: సాక్షి సంతకం కావాలని దీన్ని కన్నబాబు చేతికే ఇచ్చాను. షాపు బల్ల మీద కూర్చుని మొత్తం చదివాడు. తరువాత అడుగున సంతకం చేసి, మూడో నంబరు మీద వేలు పెట్టి, నోరు సరిగా కదలకుండానే అన్నాడు: "నువ్వే ఇచ్చినావని ఎందుకు రాసినావు బావ? నిన్ను అట్టుకెళ్లిపోతారు. కొట్టెయ్యి."

నేను కొట్టెయ్యలేదు, అయ్యా.