రెండు వందల్లో ఒకటి

ఏప్రిల్ 3
టెస్ట్ ట్రాక్ నుంచి తమ్ముడు ర్యాలీ కారుని కుంటించుకుంటూ తెచ్చాడు. కిందికి దూరి చూశాను. వెనక చక్రాన్ని బాడీకి పట్టి ఉంచే బ్రాకెట్ చీలింది. ఏం కాలేదక్కా, కొంచెం జారిందంతే అన్నాడు. వాడికి అన్నీ కొంచెమే.

ఏప్రిల్ 4
మందపాటి రేకుతో కొత్త బ్రాకెట్ చేశాను. చిక్కల్లా రూల్‌తోనే. ర్యాలీ కారులో ఏముంటే జనానికి అమ్మే కార్లలోనూ అదే ఉండాలి. అలాంటివి రెండు వందలు తయారుచేశాకే మాకు పోటీలో చోటిచ్చారు. అన్నీ యార్డులో ఉన్నాయి, పాత బ్రాకెట్లతో. ర్యాలీ కారు ఒక్కదానికి వేసెయ్యమ్మా, కిందికి దూరి ఎవడు చూస్తాడు అన్నారు మేనేజర్. పోటీ వాళ్లు పంపే ఇన్‌స్పెక్టర్ చూస్తాడు. ఆయన ఉద్యోగమే అది. అన్నిటికీ మార్చాల్సిందేనని మొండికేశాను.

ఏప్రిల్ 11
వెల్డింగ్.

ఏప్రిల్ 12
వెల్డింగ్. మెడ పట్టేసింది.

ఏప్రిల్ 19
యార్డు పూర్తయింది. తల ప్రాణం తోకకొచ్చింది.

ఏప్రిల్ 21, మధ్యాహ్నం
ఇన్‌స్పెక్టర్ యార్డు దాకా రానేలేదు. రిసెప్షన్‌లో పూలకుండీల మధ్య షోకి పెట్టిన కారు కిందికి టార్చ్ పట్టుకుని దూరాడు. దానికింకా పాత బ్రాకెట్టే ఉంది. రోజూ దాని పక్కనుంచే లోపలికొస్తాను. అదీ రెండు వందల్లో ఒకటేనని నాకు తట్టలేదు. ఎవరికీ తట్టలేదు. సోఫాలతో పాటు అదొకటి అనుకున్నాం.

మార్పు ఒప్పుకోనన్నాడు. పాత బ్రాకెట్‌తో అయితే వెళ్లొచ్చట.

ఏప్రిల్ 22
తమ్ముణ్ణి వెళ్లొద్దన్నాను. ఈ సీటు కోసం ఎన్నేళ్లు ఎదురుచూశానో నీకు తెలీదా అక్కా అని అరిచాడు. నాకు భయంగా ఉందిరా అని షెడ్డులో అందరి ముందూ ఏడ్చేశాను. హెల్మెట్ నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

మే 6
వాడి బదులు వెళ్లిన డ్రైవర్ గెలిచాడు. తమ్ముడు నాతో మాట్లాడటం లేదు. నా పిరికితనం వాడి నోటికాడి కూడు లాగేసింది.

మే 7
గెలిచిన కారు షెడ్డుకొచ్చింది. బ్రాకెట్ చూశాను. ఈ చివర నుంచి దాదాపు ఆ చివరి దాకా పగులు. చిటికెన వేలంత రేకు మిగిలింది. తమ్ముణ్ణి పిలిపించి, కిందికి దూరమన్నాను.

బూట్లు మాత్రమే కనిపిస్తున్నాయి. గెలిచినాయనకి చెప్పావా అని కింది నుంచే అడిగాడు. లేదన్నాను. పైన ఆఫీసులో ఆయన చేత కేకు కోయిస్తున్నారు.

తిననీ అక్కా, తర్వాత చెప్దాం అన్నాడు. ఇంకా బయటికి రాలేదు.