కారవాన్ తాళంచెవి

శీనన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఫిల్మ్‌నగర్ సెట్లో నేను కాస్ట్యూములు ఇస్త్రీ చేస్తుంటే ప్రొడక్షన్ మేనేజర్ వచ్చి కూర్చున్నాడు. వాళ్ల అమ్మాయికి నీకొచ్చిన పేగుల జబ్బేనట.

"తిండితోటి రాదంటమ్మా. ఒంట్లో ఏదో ప్రోటీన్ రేగి పేగులను పుండు చేస్తదంట. పరిశోధనల తేలిందంట. దాన్ని ఆపే సూది ఇస్తున్నరు," అన్నాడు, నాకేదో కొత్త సంగతి చెబుతున్నట్టు.

గ్రూప్ డాన్సరువి నువ్వు, ఆ రోజు రక్తం పోతుంటే బాత్రూం కోసం హీరో విశ్రాంతి బండి, ఆ కారవాన్ మెట్లెక్కావు. "గిది హీరోది, దిగు. మిర్చిబజ్జీలు జర తగ్గించు," అని నిన్ను దింపింది ఈ మేనేజరు నోరే.

"బడిల పిల్లను బాత్రూంకి పంపుతలేరు. వాళ్లు మనుషులేనా?" అని ఏడ్చాడు. నా ఒళ్లు మండిపోయింది.

ఆ పిల్లకి నయం కావాలి. దానిదేం తప్పు?

కళ్లు తుడుచుకోవడానికి అతను రుమాలు తీస్తే ఆ హీరో కారవాన్ తాళంచెవి కింద పడింది. తీసి మళ్లీ జేబులోనే వేసుకున్నాడు.